చిరునామా లేని గ్రంథాలు

ఉత్తరంలో ఎంత మంచి సంగతి రాసినా, కవరు మీద అడ్రసు సరిగ్గా లేకపోతే అది చేరవలసిన చోటికి చేరదు. మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులు ఏళ్ల తరబడి కష్టపడి రాసే సిద్ధాంత గ్రంథాల సంగతీ అంతే. గ్రంథం కంప్యూటర్లో భద్రంగానే ఉంటుంది. కావలసినవాడికి మాత్రం కనిపించదు.

ఒకప్పుడు థీసిస్ అంటే అట్టవేసిన కాపీలు నాలుగైదు. అవి లైబ్రరీ బీరువా దాటి వచ్చేవి కావు. 2009లో యు.జి.సి. నిబంధనలు వచ్చాక, పిహెచ్.డి. గ్రంథం ప్రతిని కంప్యూటర్ రూపంలో కూడా ఇవ్వవలసి వచ్చింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వాటన్నిటినీ ‘శోధగంగ’ అనే భాండారంలో ఉంచుతోంది. పల్లెటూరి డిగ్రీ విద్యార్థి కూడా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ప్రతి గ్రంథానికీ ఒక వివరాల చీటీ ఉంటుంది. శీర్షిక, పరిశోధకుని పేరు, గైడు పేరు, విభాగం, సంవత్సరం, విషయాన్ని తెలిపే ముఖ్య పదాలు. దీన్నే మెటాడేటా అంటారు. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డబ్లిన్ ఊళ్లో లైబ్రరీవాళ్లూ కంప్యూటర్‌వాళ్లూ కూర్చుని మొదలుపెట్టిన ప్రయత్నం నుంచే 15 గడుల ‘డబ్లిన్ కోర్’ పద్ధతి పుట్టింది. గడులు ప్రపంచమంతటా ఒకటే. వాటిలో ఏం నింపుతున్నామన్నదే ప్రశ్న.

మా వృక్షశాస్త్రం ప్రాజెక్టు కోసం వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద జరిగిన పరిశోధనలు వెతికాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఈ పంటను మా వైపు బుడ్డలంటారు, చిత్తూరు వైపు చెనిక్కాయలు, తెలంగాణలో పల్లీలు. ఇంగ్లీషులో గ్రౌండ్‌నట్ అనీ, పీనట్ అనీ రెండు పేర్లు. తెగులు తెచ్చే శిలీంద్రం పేరూ కాలంతోపాటు మారింది. ఒకప్పుడు సెర్కోస్పోరిడియం పర్సొనేటం, తరువాత ఫియోఐసారియోప్సిస్, ఇప్పుడు నొథోపస్సలోరా. బూజు ఒకటే, పేర్లు మూడు! ఒక పేరుతో వెతికితే మిగతా పేర్లతో ఉన్నవి రావు.

చివరికి ఒక గ్రంథం దొరికింది. శీర్షికలో శిలీంద్రం పేరు తప్పుగా కొట్టారు. ముఖ్య పదాల గడిలో ‘బాటనీ’ అన్న ఒక్క మాటే ఉంది. ఆ విభాగంలో రాసిన ఏ గ్రంథానికైనా ఆ మాట సరిపోతుంది కదా! లోపల చూద్దును కదా, మా పక్క మండలం పొలాల్లో కోసుకెళ్లిన ఆకుల మీద చేసిన పని అది. ఈ మాట మా నాయనకు చెబితే, “మన ఊరికీ వచ్చి ఆకులు కోసుకుపోయినారప్పా. ఏం తేలిందో మళ్లీ ఎవరూ చెప్పలేదు” అన్నాడు.

కంప్యూటర్ లోపలి పేజీలు చదివి తానే వెతకలేదా అనవచ్చు. పాత గ్రంథాలు చాలావరకు పేజీలను ఫొటో తీసినట్టు స్కాన్ చేసినవి. అందులోని అక్షరాలు దానికి వట్టి బొమ్మలు. తెలుగు గ్రంథాల అవస్థ మరీ ఘోరం. అను ఫాంట్లలో టైపు చేసినవి మన కంటికి చక్కని తెలుగే, వెతికే యంత్రానికి అర్థంలేని గీతలు. అలాంటప్పుడు ఆ చీటీ ఒక్కటే తలుపు. అది మూసుకుపోతే లోపల నిధి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

పేర్ల గొడవ ఇంకొకటి. మనకు ఇంటిపేరు ముందు, దొరలకు వెనక. ఒకచోట ఇనిషియళ్లు ముందు, మరోచోట వెనక, ఇంకోచోట డాక్టర్ తగిలించి రాస్తే ఒక్క గైడే ముగ్గురు మనుషులైపోతాడు. ఈ చిక్కు తీరడానికే 2012 నుంచి పరిశోధకులకు ‘ఆర్కిడ్’ అనే 16 అంకెల గుర్తింపు ఇస్తున్నారు. ఇక సంవత్సరం గడిలో పట్టా వచ్చిన ఏడు వేయాలా, కంప్యూటర్‌కు ఎక్కించిన ఏడు వేయాలా అన్నది తేల్చకపోతే, పాత పరిశోధన కొత్తదానిలా చలామణి అవుతుంది.

తప్పు లైబ్రరీ సిబ్బందిదని నేననను. ముందున్న కట్టలన్నీ ఎక్కించవలసినవాళ్లు ప్రతి శాస్త్రంలోనూ పండితులు కాలేరు. ఆ విషయం బాగా తెలిసినవాడు పరిశోధకుడే. అందుకని ఆ చీటీ అతడే రాయాలి, గైడు చూసి సంతకం పెట్టాలి. శాస్త్రీయ నామంతోపాటు పాత పేర్లూ, పంటకు వాడుకలో ఉన్న తెలుగు పేర్లూ, పని జరిగిన జిల్లా పేరూ చేర్చాలి. ఐదేళ్ల కష్టానికి ఒక అరగంట ఎక్కువేమీ కాదు.

పాఠకుడి కాలం ఆదా కావాలన్నది రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయాలకు చెప్పిన సూత్రాల్లో ఒకటి. మనలో కొందరు రేపు పరిశోధకులవుతారు. అప్పుడు ఆ గడులు నింపేటప్పుడు గైడునూ పరీక్షకులనూ మాత్రమే కాదు, ఆకులిచ్చిన రైతునూ, అతని కొడుకునూ, కూతురునూ కూడా పాఠకుల్లో లెక్కవేసుకోవాలని నా మనవి.