గాయబ్ సాహెబ్ గుట్ట

హైటెక్ సిటీ అనగానే అద్దాల మేడలు, అర్ధరాత్రి క్యాబులే గుర్తొస్తాయి. అక్కడికి కాస్త దూరంలోని ఖాజాగూడ గుట్ట ఎక్కితే మాత్రం మరో లోకం! పెద్దపెద్ద బండల మధ్య ఓ గుహ. పేరు పీర్ గాయబ్ సాహెబ్ గుహ. ధ్యానం చేసుకోవడానికి లోపలికెళ్లిన ఫకీరు మళ్లీ ఎవరి కంటా పడలేదట. 'గాయబ్' అంటే ఏమిటో హైదరాబాదీలకు వేరే చెప్పాలా?

ఈ గుట్టల్లోనే బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది. బహమనీ రాజ్యాన్ని స్థాపించిన అల్లావుద్దీన్ బహమన్ షాకు ఆయన గురువని చెబుతారు. ఆ పక్కనే అనంత పద్మనాభస్వామి గుడి.

ఇక్కడి గ్రానైట్ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు! 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక రోడ్ల కోసం, మేడల కోసం చుట్టుపక్కల ఎన్నో గుట్టలు పిండయ్యాయి. ఉన్నవాటినైనా కాపాడుకోవాలని 1996 నుంచే 'సొసైటీ టు సేవ్ రాక్స్' పోరాడుతోంది.

ఓ ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లండి. మంచినీళ్లు, జారని బూట్లు మరవొద్దు. గుహ చూపించి పీరు కథ చెప్పండి. సాహెబ్ గాయబ్ అయినా ఆయన కథ మిగిలింది. గుట్టే గాయబ్ అయితే ఆ కథ ఎక్కడ నిలబడి చెబుతాం?