పెట్టెలు మారాయి... పట్టాలు అవే!

రాత్రి ఎనిమిది దాటితే నార్కట్‌పల్లి కూడలి ఇంకా హడావుడిగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి ఒకవైపు సాగిపోతుంటే, నల్గొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి వెళ్లే దారి ఇక్కడే విడిపోతుంది. ఈ కూడలిలో సంచులు, దుప్పట్ల మూట, పులిహోర డబ్బా పట్టుకుని నల్గొండ బస్సు కోసం ఎదురుచూసే కుటుంబాలు తరచూ కనిపిస్తుంటాయి. వాళ్లు వెళ్లేది నల్గొండకు కాదు. అక్కడి స్టేషన్‌లో రైలెక్కి తిరుపతికి!

బస్సులకు కొదవలేని ఊరు నార్కట్‌పల్లి. చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడి దర్శనానికి అమావాస్య రోజున వచ్చే జనమైనా, ఇక్కడి వైద్య కళాశాల ఆసుపత్రికి వచ్చే రోగులైనా ఎక్కువగా రోడ్డునే నమ్ముకుంటారు. కానీ పిల్లాజెల్లాతో దూర ప్రయాణమంటే మాత్రం రైలే గుర్తొస్తుంది. చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్లను అందుకోవాలంటే 20 కిలోమీటర్ల దూరంలోని నల్గొండ స్టేషనే దిక్కు.

ఆ స్టేషన్‌లో ఆగే బండ్లు ఈ పాతికేళ్లలో ఎంత మారాయో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అంతకన్నా ఆశ్చర్యం... మారనిది ఎంత మిగిలిపోయిందో చూస్తే!

నల్లరేగడి మీదుగా నడికుడి దాకా...

బీబీనగర్ దగ్గర కాజీపేట మార్గం నుంచి విడిపోయి పగిడిపల్లి, వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్గొండ, మిర్యాలగూడ మీదుగా సాగి, విష్ణుపురం దాటాక కృష్ణమ్మను దాటి నడికుడి చేరుతుందీ రైలు మార్గం. అది సిద్ధమైంది 1980ల చివర్లో. అంతకుముందు గుంటూరు నుంచి మాచర్లకు మీటర్‌గేజ్ బండి నడిచేది. నల్గొండ జిల్లా నడిబొడ్డుకు మాత్రం రైలు లేదు. కొత్త పట్టాలు పడి, అటు గుంటూరు దాకా బ్రాడ్‌గేజ్ అయ్యాక హైదరాబాద్ నుంచి కోస్తాకు మరో దారి దొరికింది. నారాయణాద్రి, విశాఖ, ఫలక్‌నుమా, జన్మభూమి, శబరి, పల్నాడు... ఇలా ఒక్కొక్కటిగా ఎక్స్‌ప్రెస్ రైళ్లు నల్గొండ జనానికి పరిచయమయ్యాయి. 2003లో గుంటూరు కేంద్రంగా కొత్త రైల్వే డివిజన్ ఏర్పడినప్పుడు ఈ మార్గం అందులో చేరింది.

ఉత్తరాల బండి

పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ వేగంగా పోయే ఏ రైలునైనా ‘మెయిలు’ అనే అంటారు. ఆ మాటకు అసలు అర్థం ఉత్తరాలు మోసే బండి అని. మనదేశంలో నడుస్తున్న రైల్లోనే ఉత్తరాలు వేరుచేసే పని 1863లో అలహాబాద్, కాన్పూర్ల మధ్య మొదలైంది. తర్వాత అదే రైల్వే మెయిల్ సర్వీస్‌గా విస్తరించింది. ఆ పెట్టెలో గోడ పొడవునా ఊరికో గూడు. సిబ్బంది రాత్రంతా నిలబడి కవర్లను ఆ గూళ్లలో పడేస్తుండేవాళ్లు. తపాలా సమయం దాటిపోతే, కొంచెం అదనపు రుసుం అంటించి స్టేషన్‌లో నేరుగా ఆ పెట్టెకున్న డబ్బాలోనే ఉత్తరం వేసే వీలుండేది. ఇప్పుడు మెయిల్ అన్నా ఎక్స్‌ప్రెస్ అన్నా ఒకటే. టికెట్ ధరలోనూ తేడా లేదు. పేరు మాత్రం మిగిలింది.

నీలం పోయి ఎరుపు

తొంభైల దాకా రైలు పెట్టె అంటే ఇటుక రంగే. గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులు వచ్చాక నీలం రంగు వచ్చింది. రెండూ తయారైంది చెన్నై పెరంబూర్‌లోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నమూనాలోనే. 1955లో మొదలైన ఆ కర్మాగారం 2018 జనవరిలో ఆ పాతరకం పెట్టెల తయారీకి స్వస్తి చెప్పింది. వాటి స్థానంలోకి వచ్చినవే ఎరుపు, బూడిద రంగుల ఎల్‌హెచ్‌బీ బోగీలు. జర్మనీకి చెందిన లింకే హాఫ్‌మన్ బుష్ సంస్థ నమూనా అది.

రంగు తేడా అందరికీ కనిపించేదే. అసలు తేడా లోపలుంది. పాత పెట్టె పొడవు 21 మీటర్లకు కాస్త ఎక్కువ, కొత్తది 23 మీటర్లు దాటుతుంది. స్లీపర్‌లో 72 బెర్తులుంటే ఇప్పుడు 80. పాత స్లీపర్ పెట్టెలు గంటకు 110 కిలోమీటర్లు మించి పోలేవు, కొత్తవాటిని 160 దాకా పోయేలా రూపొందించారు. పాతవి గొలుసుల్లాంటి మరలతో ఒకదానికొకటి తగులుకుని ఉండేవి. ప్రమాదం జరిగితే ఒకదాని మీదికి మరొకటి ఎక్కేవి. కొత్తవాటి కొక్కేలు పెట్టెలు అలా ఎక్కకుండా పట్టి ఉంచుతాయి. ప్రాణాలు నిలబెట్టే మార్పు ఇదే!

వెలుతురు సంగతీ అంతే. పాత పెట్టెల్లో చక్రం తిరిగితే, బెల్టు ద్వారా డైనమో తిరిగి కరెంటు పుట్టేది. బండి ఎక్కడైనా గంటసేపు ఆగిపోతే బ్యాటరీలు నీరసించి బల్బులు మిణుకుమిణుకుమనేవి. ఎల్‌హెచ్‌బీ వచ్చాక రైలు చివర పెద్ద జనరేటర్ల పెట్టె చేరింది. పగిడిపల్లి - నల్లపాడు మార్గం 2019లో విద్యుదీకరణ అయ్యాక డీజిల్ ఇంజిన్ల పొగ తగ్గింది. ఇప్పుడు చాలా రైళ్లలో ఫ్యాన్లకు, ఏసీలకు కావాల్సిన కరెంటును ఇంజినే పైనున్న తీగ నుంచి తీసుకుని అందిస్తోంది. స్టేషన్లో చెవులు చిల్లులుపడే జనరేటర్ మోత అలా తగ్గిపోయింది. బయో టాయిలెట్లతో పట్టాల మీద అపరిశుభ్రతా తగ్గింది.

ఆ ఉదయం పొగ

మంచి పెట్టెలు, గట్టి తనిఖీలు ఎందుకు కావాలో ఈ మార్గం ఒకసారి కళ్లారా చూసింది. 2023 జులై 7న హావ్‌డా నుంచి సికింద్రాబాద్ వస్తున్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నల్గొండ దాటి వెళ్లాక బొమ్మాయిపల్లి, పగిడిపల్లి మధ్య మంటల్లో చిక్కుకుంది. ప్రయాణికులు చైను లాగి, పిల్లల్ని, పెద్దల్ని దింపుకుని బయటపడ్డారు. కొన్ని బోగీలు కాలి బొగ్గయ్యాయి. ఒక్క ప్రాణమూ పోకపోవడమే అదృష్టం.

ఎవరికి వేగం... ఎవరికి ఎదురుచూపు?

అదే ఏడాది ఏప్రిల్ 8న సికింద్రాబాద్ - తిరుపతి వందేభారత్ పట్టాలెక్కింది. దానికి నల్గొండలో ఆగే భాగ్యం దక్కింది. రాత్రంతా ప్రయాణించే దూరాన్ని దాదాపు ఎనిమిదిన్నర గంటల్లో ముగించేలా మొదలైన ఆ రైలుకు ఎంత ఆదరణంటే, ఎనిమిది బోగీలను మేలోనే పదహారు చేశారు.

మరి పల్లె ప్రయాణికుడి సంగతి? కొవిడ్ కారణంగా 2020 మార్చిలో ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. తిరిగి వచ్చినప్పుడు వాటిలో చాలావరకు ‘ఎక్స్‌ప్రెస్ స్పెషల్’ పేరు తగిలించుకున్నాయి. పది రూపాయల కనీస ఛార్జీ ముప్పై అయింది. 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ పదికి దిగలేదు. చిట్యాల నుంచి నల్గొండకు కూరగాయల గంపతో వెళ్లే మనిషికి ఆ ఇరవై రూపాయలే పెద్ద మొత్తం. ఏసీ బోగీలు ఎంత చల్లగా ఉన్నా, జనరల్ పెట్టెలో కాలు పెట్టడానికి చోటు లేకపోతే అతనికి ఒరిగేదేమిటి?

ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్టెలు మారినా ఈ మార్గం ఎక్కువగా ఒంటి లైనే. మిర్యాలగూడ మిల్లుల బియ్యం, కృష్ణా తీరపు సిమెంటు మోసే గూడ్సు బండ్లూ ఇదే దారి పట్టాలి. ఎదురుగా మరో బండి వస్తుంటే 160 వేగానికి తయారైన బోగీ అయినా పక్క లైన్లో నిలబడాల్సిందే. వేగంగా పోయే రైలుకు దారిస్తూ చిన్న బండి ఆగిపోవడమూ మామూలే. అందుకే గుంటూరు - బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రెండో లైను వస్తేనే కొత్త పెట్టెలకు నిజమైన ఫలితం.

నార్కట్‌పల్లి కూడలిలో బస్సు వచ్చేసింది. పులిహోర డబ్బా ఒడిలో పెట్టుకుని అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుంటుంది. మనవడికి కావాల్సింది పెద్ద అద్దాల రైలు. ఆమెకు కావాల్సింది ఆగే రైలు. ఇద్దరినీ ఎక్కించుకునే బండే అసలైన మెయిలు!