ఒక్క బిట్టే మారాలి

ఆర్డ్యునో ఊనోలో బోర్డు మీది ఎల్ఈడీ పోర్ట్ బి 5వ బిట్‌కి ఉంటుంది. వెలిగించాలని పోర్ట్ మొత్తానికి 32 రాసేస్తే అది వెలుగుతుంది, కానీ పక్క పిన్నులన్నీ సున్నా అయిపోతాయి. అక్కడ రిలే ఉంటే టక్కున ఆగిపోతుంది.

ఫ్లాష్‌ఫోర్త్ అనే ఫోర్త్ భాషలో ఎమ్‌సెట్ అనే పదానికి మాస్క్ (ఏ బిట్టో చెప్పే సంఖ్య), పోర్ట్ అడ్రస్ ఇస్తే చాలు, ఆ బిట్ ఒక్కటే 1 అవుతుంది. ఎమ్‌సీఎల్ఆర్ దాన్ని 0 చేస్తుంది.

మూడు నాలుగు బిట్లకి కొత్త విలువ పెట్టాలంటే మాత్రం జాగ్రత్త. ముందు క్లియర్, తర్వాత సెట్ అని రెండుసార్లు రాస్తే మధ్యలో ఆ పిన్నులు క్షణంపాటు సున్నాకి పడి లేస్తాయి. పాత విలువ చదివి, తిరగేసిన మాస్క్‌తో యాండ్ చేసి, కొత్తది ఆర్ చేసి, ఒకేసారి రాయాలి.

ఇదంతా టెర్మినల్‌లో టైప్ చేస్తూనే కళ్లతో చూడొచ్చు. ఫోర్త్ అంటే నాకంత ఇష్టం అందుకే! ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్కసారి పట్టి చూడండి. ఫ్లాష్‌ఫోర్త్‌ని బోర్డులోకి ఎక్కించడానికి ఐఎస్‌పీ ప్రోగ్రామర్ కావాలి.