తూర్పు దిక్కు మనుషులు

'షెర్పా' అనే మాట వినగానే మంచు కొండలపై బరువులు మోసే మనిషి మన కన్నుల ముందు నిలుస్తాడు. నిజానికి అది వృత్తి పేరు కాదు, ఒక జాతి పేరు. టిబెటన్ భాషలో 'షర్' అంటే తూర్పు, 'పా' అంటే ఆ చోటికి చెందినవాడు. సుమారు 500 ఏళ్ల క్రితం తూర్పు టిబెట్‌లోని ఖామ్ ప్రాంతాన్ని విడిచి, నాంగ్‌పా లా కనుమ దాటి, వారు నేపాల్‌లోని సోలుఖుంబు లోయలకు చేరుకున్నారు. విడిచి వచ్చిన దిక్కును పేరులో నిలుపుకొన్నారు.

వారి వ్యక్తి నామాలు నన్ను మరింత ఆకర్షించాయి. చాలామందికి పుట్టిన వారమే పేరవుతుంది. ఆదివారం పుడితే నిమా, సోమవారమైతే దావా, శుక్రవారమైతే పసాంగ్. నిమా అంటే సూర్యుడు, దావా అంటే చంద్రుడు. మన ఆదివారం, సోమవారాలలో ఉన్నదీ ఆ సూర్యచంద్రులే కదా! వారికి మిన్యాగ్‌పా, థిమ్మి వంటి వంశాలున్నాయి. ఒకే వంశం వారు పెళ్లాడరు. కానీ అధికార పత్రాలలో సాధారణంగా అందరి ఇంటిపేరూ 'షెర్పా'యే. వంశనామం ఇంటి గడప దాటదు.

వ్యవసాయం, జడల బర్రెల పెంపకం, వర్తకం వారి పూర్వ జీవనాధారాలు. చోమోలుంగ్మా శిఖరాన్ని దేవత నివాసంగా కొలిచేవారే గాని ఎక్కేవారు కారు. 1921 నుంచి బ్రిటిష్ యాత్రలు వారిని కూలికి పిలిచాయి. మరుసటి ఏడాదే హిమపాతంలో ఏడుగురు కూలీలు మరణించారు. 1953లో టెన్జింగ్ నార్గే, హిల్లరీతో కలిసి శిఖరాన్ని అధిరోహించి ఆ జాతి పేరును లోకమంతటా వినిపించాడు. 2014 ఏప్రిల్ 18న ఖుంబు హిమపాతం 16 మంది నేపాలీ శ్రామికులను బలిగొంది. వారిలో అధికులు షెర్పాలే. ఆ మే నెలలోనే మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి శిఖరం చేరారు. వారి వెంటా షెర్పాలు నడిచారు.

నేడు తమాంగ్ అయినా, రాయ్ అయినా, కొండపై మూట మోసే ప్రతివాడినీ 'షెర్పా' అనే అంటున్నారు. దేశాధినేతల సమావేశాలకు రంగం సిద్ధం చేసే దౌత్యవేత్తలకూ అదే బిరుదు. ఇది గౌరవమే కావచ్చు. అయితే జాతి పేరు పనికి పేరైనప్పుడు, ఆ పని చేయని షెర్పా ఉపాధ్యాయురాలు, రైతు, వైద్యుడు మన దృష్టికి ఆనరు. పేరు తెలియని తమాంగ్ కూలీ కూడా తన ఉనికిని కోల్పోతాడు. ఒక జాతిని దాని పేరుతో పిలవడం సులభమే. ఆ పేరు వెనుక ఉన్న మనుషులను తెలుసుకొని పిలవడమే మర్యాద.