చిత్రంలో లేనిది

సముద్రపు నీటిచుక్కలో జీవం ఉన్నదని అందరమూ చదువుకున్నవారమే. దానిని కంటితో చూసే అవకాశం మాత్రం యంత్రాల నడుమ జీవితం గడిపిన మా వంటి వారికి అరుదు. కాలిఫోర్నియాలో స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థ తన జెట్టీ వద్ద నీటిలో అమర్చిన ప్లవక కెమెరాల చిత్రాలను ఇటీవల కొన్ని సాయంకాలాలు తీరికగా పరిశీలించాము. ఆ కెమెరాల నిర్మాణాన్ని వివరించే వ్యాసం 2020లో వెలువడింది.

పనితీరు సులభంగానే బోధపడుతుంది. చీకటి నేపథ్యంలో కాంతిని ప్రసరింపజేస్తారు. ఆ కాంతిని వెదజల్లిన ప్రతి వస్తువూ మెరుస్తుంది. కంప్యూటరు దాని అంచులను గుర్తించి, చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీసి, ఆ మేరకు కత్తిరించి భద్రపరుస్తుంది. చూసేవారికి అందేది ఈ ముక్కలే.

ఒక ముక్కలో పొడవాటి మీసాలు చాచిన కోపీపోడ్. మరొకదానిలో గాజుపూసల దండ వంటి డయాటమ్‌ల గొలుసు. తరువాత పదింటిలో పేరులేని నలుసులు. కొలబద్ద చూడనిదే ఏది ఎంత పెద్దదో తెలియదు. డ్రాయింగు చేతికి రాగానే ముందుగా స్కేలు చూడవలెనని మాకు నేర్పిన గురువులు ఇక్కడ గుర్తుకు వచ్చారు.

వలలో చిక్కితే చితికిపోయే జెల్లీ వంటి సుకుమార ప్రాణులు కెమెరాలో చెక్కుచెదరక దర్శనమిస్తాయి. ఇది గొప్ప లాభం. వర్గీకరణ కూడా యంత్రమే చేయగలదు. 2014లో ఫ్లోరిడా జలసంధిలో మరొక కెమెరా తీసిన చిత్రాలను 121 తరగతులుగా విభజించే పోటీని నిర్వహించగా, నాడీజాల పద్ధతులే అందులో విజయం సాధించాయి.

అయితే కత్తిరించవలసినదేదో నిర్ణయించేది ఒక అంకె. ఆ పరిమితిని పెంచితే కాంతిని అంతగా వెదజల్లని పారదర్శక ప్రాణులు జారిపోతాయి. తగ్గిస్తే నలుసులు వెల్లువెత్తుతాయి. తప్పుగా పేరు పెట్టిన ముక్కను రేపు మరొకరు చూసి సరిదిద్దవచ్చు. అసలు కత్తిరించనే లేదంటే, పూర్తి చిత్రం మిగలనప్పుడు, సరిదిద్దడానికి ఏమీ ఉండదు.

మన పరిశ్రమలకూ ఇది దూరపు సంగతి కాదు. గొట్టాల లోపలి భాగాన్ని కెమెరాతో తనిఖీ చేసి, అనుమానాస్పద స్థలాలను మాత్రమే కత్తిరించి పంపే ఏర్పాట్లు వచ్చాయి. నివేదికలో పగులు కనిపించలేదంటే పగులు లేదని కాదు. యంత్రం చూపిన వాటిలో లేదని మాత్రమే అర్థం. కింద సంతకం చేయవలసినది మనము. ఆ గొట్టం పక్కన నిలబడి పనిచేయవలసినవాడు మన సహోద్యోగి.

కనుక యువ ఇంజనీర్లకు మా మనవి ఒక్కటే. గంటకు కొన్ని పూర్తి చిత్రాలనైనా, యంత్రం ఎంపికతో నిమిత్తం లేకుండా, యాదృచ్ఛికంగా భద్రపరచండి. వాటిని స్వయంగా చూడండి. పరిమితిగా ఏ అంకె పెట్టారో నివేదిక మొదటి పుటలోనే వ్రాయండి. యంత్రం చూపినదానిని చూడడం సులభమే; అది విడిచిపెట్టినదానిని వెదకడమే మన ఉద్యోగధర్మం.