నడిమివంక యొడ్డున

అనంతపురమనగానే కరవు జ్ఞప్తికి వచ్చును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే యీ సీమకు ప్రాప్తి. నైరుతి మేఘములు పడమటి కనుమల కావలనే కురిసి యిచటికి వట్టిచేతులతో వచ్చును. ఈశాన్యపు మేఘములు తీరముననే చాలవరకు ఖర్చయిపోవును. కావుననే 14వ శతాబ్దిలో పెద్దలిచట బుక్కరాయసముద్రపు చెరువు కట్టించిరి.

అట్టి యూర 2022 అక్టోబరునందు కుండపోతగా వాన కురిసి నడిమివంక పొంగెను. పల్లపు కాలనీలు మునిగెను. నీరు తీసిన పిమ్మట మేము పినత్తగారిని చూడ నచటికి పోయితిమి. వీధి నీరు గడప దాటుటకు మునుపే పాయిఖానాలో నీరు పైకుబికి వసారా నిండెనని యామె చెప్పిరి.

దీనికి కారణము తెలిసికొనదగినది. వంక పొంగినపుడు చుట్టుపట్ల భూమి యంతయు నీటితో నిండును. ఇంకుడుగోతిలో నీరింకదు, సెప్టిక్ టాంకి నిండి, గొట్టము వెంట మురుగు వెనుకకు తన్నును. అప్పుడు బిందెలకొలది నీరు గ్రుమ్మరించిన నేల మునుగుటయే ఫలము. నీరు పోయుట మాని, ఇసుకమూటతో రంధ్రము మూసి, బయటి నీరు తగ్గువరకు వేచియుండవలెను. టాంకిలోనికి మనుష్యుని దింపరాదు. అందలి విషవాయువు క్షణములో ప్రాణము తీయును. రక్షణ సాధనములు లేక దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది.

ఆ యింటి నేల తాడిపత్రి బండలది. సందులలో నీరు దిగి క్రింది మన్నును కోసివేసెను. రోకటి కొసతో తట్టిచూడగా కొన్ని బండలు డొల్లగా పలికినవి. ఇట్టి నేలను బ్లీచింగుపొడి కలిపిన నీటితో కడిగి, తలుపులు తెరచి, పలుదినము లారనీయవలెను. ఆసిడు పోయరాదు: తాడిపత్రి బండ సున్నపురాయి గనుక ఆసిడు దానిని తినివేయును, బ్లీచింగుపొడితో కలిసెనా విషపుగాలి పుట్టును. తడి యారకమునుపే సందులు సిమెంటుతో పూడ్చిన, లోపలి చెమ్మ యుప్పై తెల్లగా పైకి పొంగును. పూర్తిగా నారిన పిదపనే డొల్లబండలు లేపి, ఇసుక పోసి దిమ్మిస కొట్టి, మరల పరపింపవలెను.

నేల బాగుపడును. కాని మూడుదినము లా యింటి స్త్రీలకు మరుగు లేకపోయెను. మగవారు మిట్టనున్న తెలిసినవారి యిండ్లకు పోయివచ్చిరి. పినత్తగారును, కోడలును అన్నము తగ్గించి, మంచినీరు గ్రుక్కెడు మాత్రమే త్రాగిరట. కరవుసీమలో, చుట్టును మోకాలిలోతు నీరుండగా, వారు దాహముతో పడియుండిరి! ఇది వినినపుడు మాకు నోట మాట రాలేదు.

మనము ఇల్లు చూచునపుడు కొళాయి కలదా యని యడుగుదుము. వంక యెటు పారునని యడుగము. ఏండ్లతరబడి యెండియున్న వంక చూపునకు బీడువలె దోచును గాని, వాన వచ్చిననాడు తన త్రోవనే పారును. కావున పల్లపుటింట పాయిఖానా పీఠము వీధికన్న నెత్తుగా కట్టించుడు. గొట్టమునకు మురుగును వెనుకకు రానీయని కవాటము పెట్టించుడు. ఈ రెండు మాటలును మేస్త్రీతో పురుషులు చెప్పుట మరచిన, మనమే చెప్పవలెను.