మూడు అరలు.. మూడొందల పుస్తకాలు

కొత్త ఫ్లాట్‌లో పుస్తకాలకి దొరికిన చోటు మూడే మూడు అరలు. నల్లకుంట అద్దింట్లో నాన్న పోగేసినవేమో 312. అరకి నలభై చొప్పున వేసుకున్నా 120 పడతాయి. మిగతావి వెళ్లిపోవాల్సిందే. ఏవి ఉంచాలో తేల్చే పని నా మీద పడింది.

"తెలుగు చదవడం వచ్చింది నీకే కదక్కా" అని తమ్ముడు తప్పించుకున్నాడు. వచ్చింది పదో తరగతి వరకే. ఇంటర్‌లో మార్కుల కోసం అందరిలాగే నేనూ సంస్కృతం తీసుకున్నా. ఆ తర్వాత తెలుగు పుస్తకం పట్టింది లేదు.

నాన్నని అడిగితే "నీ ఇష్టం తల్లీ. నేనెలాగూ చదవలేను కదా" అన్నారు. గ్లకోమా వల్ల రెండేళ్లుగా ఆయనకి అక్షరాలు కనిపించడం లేదు. మామూలుగానే అన్నారు. నాకే ఏం మాట్లాడాలో తోచలేదు.

అవన్నీ సెకండ్ హ్యాండ్‌వే. ఆదివారం అబిడ్స్‌లో మూసేసిన షాపుల ముందు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా.. ఉద్యోగం చేసినన్నాళ్లూ నాన్న ఆదివారాలు అక్కడే గడిచాయి. ఇంటికి రాగానే మొదటి పేజీలో తేదీ, ధర రాసేవారు. కూరగాయల సంచీలోంచి పుస్తకాలు బయటికొస్తుంటే అమ్మ తల పట్టుకునేది.

శనివారం పొద్దున్నే రంగంలోకి దిగా. మూడు రూల్స్ పెట్టుకున్నా. ఒకటి, చెదలు పట్టినవి వద్దు. ఒక్కటి ఉన్నా మిగతావాటికీ పాకుతాయి. రెండు, షాపులో కొత్త ప్రింటు దొరికేవి, నెట్‌లో ఉన్నవి తీసేయొచ్చు. పాత చందమామలు ఎన్నో ఇప్పుడు ఫోన్‌లోనే చదువుకోవచ్చు. మూడు, మళ్లీ దొరకనివి తప్పకుండా ఉంచాలి. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో వేసిన పుస్తకాలు అలాంటివే. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది, ఇక ఆ అచ్చు ఎక్కడిది?

మధ్యాహ్నానికి సగం పని అయిపోయింది. 'బారిష్టర్ పార్వతీశం' చేతికొచ్చింది. అట్ట లేదు. వెన్నుకి బ్రౌన్ టేపు. కొత్తది ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి తీసేసే కుప్పలో పడేశా.

"ఏం పుస్తకమమ్మా అది?" కుర్చీలోంచి నాన్న.

చెప్పా. చెయ్యి చాపారు. వేళ్లతో టేపుని తడిమారు. "నీకు అమ్మవారు పోసినప్పుడు పది రోజులు ఇదే కదా చదివి వినిపించా. నవ్వీ నవ్వీ దురద మర్చిపోయేదానివి."

ఒక్కసారిగా గుర్తొచ్చింది. వేపాకులు, కరెంటు లేని రాత్రి, నాన్న గొంతు.

"ఆ టోపీ కొనే ఘట్టం ఒక్కసారి చదువు" అన్నారు.

చదివా. ఒత్తుల దగ్గర తడబడ్డా. రెండుచోట్ల నాన్నే సరిచేశారు, పుస్తకం చూడకుండానే! నవ్వొచ్చే మాట నేను చదవకముందే ఆయన నవ్వేశారు. ఈ రెండేళ్లలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

నా మూడు రూల్స్‌లోనూ నాన్న లేరని అప్పుడు అర్థమైంది. కుప్పలన్నీ కలిపేసి మళ్లీ మొదలుపెట్టా. ఈసారి ప్రశ్న ఒక్కటే. "నాన్నా, ఇది విందామా?"

ఆయన నాకంటే నిర్దాక్షిణ్యంగా ఉన్నారు. నేను అపురూపంగా దాచిన లావుపాటి మాస్కో పుస్తకాల్లో సగం "వద్దమ్మా, అవి నేనూ పూర్తి చేయలేదు" అని తేల్చేశారు. వాటిని మాత్రం తూకానికి వేయలేదు. సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్న ఫ్రెండ్ ఆనందంగా పట్టుకెళ్లింది. బాగున్న మిగతావి అబిడ్స్‌కే తిరిగెళ్లాయి.

చివరికి 94 మిగిలాయి. ఇప్పుడు రోజూ భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు చదువుతున్నా. తడబాటు తగ్గింది. తమ్ముడు ఫోన్ చూస్తున్నట్టే ఉంటాడు కానీ, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీసేస్తున్నాడు.

"ఇంకా 26 పుస్తకాలకి చోటుంది నాన్నా, వేటితో నింపుదాం?" అని అడిగా.

"తొందరేముంది?" అన్నారు. "ఎల్లుండి ఆదివారమేగా. నన్నూ తీసుకెళ్లు. నువ్వు పేర్లు చదువు, బేరం నేనాడతా."